బొమ్మకి నిలబడిన ఒళ్ళు

నేను చొక్కాలు కుట్టించుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. రెడీమేడ్‌వే కొనుక్కుంటాను. చేతులు పొడుగైనా, మెడ బిగుతైనా సర్దుకుపోతాను గానీ దర్జీ గుమ్మం మాత్రం తొక్కను. టేపు తీసి ఛాతీ చుట్టూ వేసి, "ఊపిరి మామూలుగా ఉంచండి" అంటాడు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండిపోతుంది. పాపం, అతని తప్పేమీ లేదు. ఆ టేపూ ఆ మాటా కలిసి ఒకసారి మా బావ బతుకుని తీసుకుపోయాయి. దగ్గరే ఉండి చూశాను. ఇదంతా మా ఆవిడకి చెప్పలేదు. చొక్కాల విషయంలో నేను పిసినారినని ఆవిడ నమ్మకం. ఉండనీ.

బావ అన్నానని చుట్టమనుకునేరు. మాకూ వాళ్ళకీ ఏ చుట్టరికమూ లేదు. మల్కాపురంలో ఈడు కుదిరిన మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునే పిలుపు అది. మాది గోదావరి జిల్లా, మా నాన్న పోర్టులో గుమాస్తా పనికని వచ్చి ఇక్కడ పడ్డాడు. ఆరేసిన బట్టల మీద ఎర్రటి ఖనిజం దుమ్ము పడుతోందని మా అమ్మా, నా నోట్లో ఈ ఊరి యాస పడుతోందని మా నాన్నా, రోజూ సణిగేవాళ్ళు. దుమ్మూ పోలేదు, యాసా పోలేదు. ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పాను. మూడోసారి పరీక్ష హాల్లో ఉండాల్సిన వేళకి మార్నింగ్ షోలో ఉండి, మా నాన్న ఆఫీసు స్నేహితుడి కంటపడ్డాను. దాంతో ఆయన నామీద ఆశ వదిలేసుకున్నాడు. నాకు మాత్రం హాయిగా అనిపించింది, ఏం చెప్పమంటారు!

పూర్ణా మార్కెట్ వెనకాల సినిమా బ్యానర్లు గీసే షెడ్డు ఒకటి ఉండేది. అందులో చేరాను. పని ఎలా ఉండేదంటే, సినిమా వాళ్ళు పంపిన ఫొటో మీద పెన్సిలుతో చిన్న గళ్ళు గీసేవాళ్ళం. చట్రానికి బిగించిన పెద్ద గుడ్డ మీద సుద్ద దారంతో అన్నే పెద్ద గళ్ళు కొట్టేవాళ్ళం. చిన్న గడిలో ఏముందో పెద్ద గడిలో అది దింపాలి. మొహాలు మా మేస్త్రీ వేసేవాడు, అవి ఇంకొకళ్ళని ముట్టనిచ్చేవాడు కాదు. మెడ కింద నుంచి అంతా మాది. చొక్కాలు, చేతులు, తుపాకులు, బూట్లు. ఆ పనిలో నాకు కన్ను కుదిరింది. టేపు అక్కర్లేకుండా, దూరం నుంచి చూసి, ఇది ఎన్ని అంగుళాలో చెప్పేవాణ్ణి. మేస్త్రీ కొలిచి చూసి, సరిగ్గా ఉంటే ఏమీ అనేవాడు కాదు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే.

ఒళ్ళు గీయడం నాకు ఇష్టమని అప్పటికే తెలుసు. కానీ గీయడానికి ఒళ్ళేదీ? మన సినిమా హీరోలందరికీ అప్పట్లో ప్యాంటు పైన పొట్ట, పొట్ట పైన బెల్టు. ఆ పొట్టలు లోపలికి నెట్టడమే మాకు సగం పని. ఇంతలో ఆదివారం పొద్దుటాటలకి ఆ హాంకాంగ్ పిక్చర్లు రావడం మొదలైంది. మాట ఒక్కటి అర్థమయ్యేది కాదు, రీలు నిండా గీతలు, మధ్యలో ముక్కలు ఎగిరిపోయి ఉండేవి. అయినా హాలు బయట సైకిళ్ళు పెట్టడానికి చోటుండేది కాదు. పోర్టు కలాసీలు, రిఫైనరీ వాళ్ళు, కాలేజీ వాళ్ళు, అందరూ ఒక్క క్షణం కోసం కాచుకు కూర్చునేవాళ్ళు. హీరో చొక్కా విప్పే క్షణం.

ఎంత మనిషని! సన్నంగా ఉంటాడు, మనంత ఎత్తే ఉంటాడు, అన్నం తినే ఒళ్ళే అది. చొక్కా పోయిందంటే మాత్రం తోలు కింద ప్రతి కండా పేరుపేరునా కనిపిస్తుంది. కడుపు మీద మెట్లు. అంతా అయ్యాక రెండు చేతులూ నడుముకి ఆనించి చంకల కింద కండలు మెల్లిగా విప్పుతాడు, వీపు రెండు వైపులా వెడల్పవుతూ పోతుంది. అక్కడ హాలు దద్దరిల్లిపోయేది. మల్కాపురంలో దానికి పేరు కూడా పెట్టేశారు, పడగ అని. పడగ విప్పినాడ్రోయ్ అని బెంచీలెక్కి ఈలలు. నేను మాత్రం ఈల వేసేవాణ్ణి కాదు. నోరు ఎండిపోయేది. ఇప్పుడు ముసలాణ్ణి, దాచుకునేదేముంది, మగవాడి ఒళ్ళు చూస్తే నాకు గుండె కొట్టుకునేది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకునే రోజులు కావు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. బొమ్మలు గీసేవాణ్ణి కదా, అందుకని చూస్తున్నాను అనుకునేవాణ్ణి.

బావ మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. నాకు ఇరవై రెండు, అతనికి ఇరవై నాలుగు దాటింది. తండ్రి లేడు, తల్లీ కొడుకులే. పోర్టులో రోజుకూలీగా బస్తాలు మోసేవాడు. పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు గేటు దగ్గర నిలబడి వెనక్కి వస్తాడు. సాయంత్రాలు తాలింఖానాకి వెళ్ళేవాడు. అదీ గొప్ప వ్యాయామశాల ఏం కాదు, రేకుల పాక. పాత లారీ ఇరుసుకి రెండు వైపులా పళ్ళచక్రాలు తగిలించి ఎత్తేవాళ్ళు. ఆ పాకలో పాతికమంది ఉండేవాళ్ళు గానీ, హాంకాంగ్ వాడి ఒళ్ళు దిగింది ఒక్క బావకే. బస్తా మోసిన భుజమూ, అంబలి తాగిన నడుమూ. కొవ్వు పట్టడానికి తిండి ఎక్కడిది? ఎడమ భుజం మీద బస్తా కొక్కెం దిగిన మచ్చ ఒకటి, అడ్డంగా, వేలెడంత. అతనికి సిగ్గెక్కువ. పాకలో కూడా బనీను తీసేవాడు కాదు.

అతనికి బతుకులో కావలసింది ఒక్కటే, పర్మినెంటు ఉద్యోగం. అయిదేళ్ళ నుంచి ఎంప్లాయ్‌మెంట్ కార్డు రెన్యూ చేయించుకుంటున్నాడు. ఇరవై అయిదు నిండితే ఇక ఎక్కడా తీసుకోరు. పిలుపు వస్తే ఫైర్‌మన్ ఉద్యోగానికే రావాలని కోరుకునేవాడు. పరుగూ బరువూ చూసే ఉద్యోగం అదొక్కటే, చదువు అడగరు అని. ఆ మాట నాతో ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు.

ఇలా ఉండగా ఆ హాంకాంగ్ హీరోదే కొత్త పిక్చరు ఒకటి మామూలు ఆటలకి వస్తోందని, పెద్ద హోర్డింగు కావాలని ఆర్డరొచ్చింది. ఫొటో చూస్తే మొహం ఒక్కటే, మెడ దగ్గర చింపేసి ఉంది. మెడ కింద నుంచి ఏం పెట్టమంటారు? వారం రోజుల్లో కట్టాలి. మేస్త్రీ నా మొహం చూసి, ఒళ్ళు నీ ఇష్టం, ఎక్కడి నుంచి తెస్తావో తే అన్నాడు. నేను ఆలోచించనైనా లేదు. సైకిలేసుకుని తిన్నగా పోర్టు గేటు దగ్గరికి వెళ్ళాను.

బావ మొదట ఒప్పుకోలేదు. మరేటి, అంతమంది ముందు సొక్కా ఇప్పీసి నిలబడమంటావా అన్నాడు. అంతమంది ఎక్కడ, షెడ్డులో నేనూ మేస్త్రీయే కదా అన్నాను. బొమ్మ మాత్రం ఊరంతా చూస్తుంది అని కూడా అన్నాను. ఆ మాటకి లొంగాడు.

ఆరు మధ్యాహ్నాలు నిలబడ్డాడు. షెడ్డుకి పడమటి వైపు రేకు తీసేస్తే ఎండ ఏటవాలుగా పడేది. ఆ వెలుగులో బనీను తీసి, చేతులు నడుముకి ఆనించి, పడగ కట్టి నిలబడేవాడు. నేను గళ్ళు కొట్టలేదు. నేరుగా అతన్ని చూసి బొగ్గుతో గుడ్డ మీదికి దింపాను. పడగ నిలబెట్టడం మాటలు కాదు. ఊపిరి పీల్చి, పట్టి, కండలు విప్పి అలాగే ఉంచాలి. కాసేపటికి చంకలు వణికేవి, వీపు దిగిపోయేది. నేను చిరాకు పడేవాణ్ణి. నా చిరాకు సంగతి మీకు తెలియదు, చెయ్యి పనిలో ఉంటే నేను మనిషిని కాను. బొగ్గు ముక్కతో అతని పక్కటెముకల మీద తట్టి, "గాలి వదలకు బావా, పడగ దిగిపోతంది" అనేవాణ్ణి. మళ్ళీ విప్పేవాడు. కండలతోనే నిలబెట్టి, పై పైన ఊపిరి తీసుకోవడం రెండో రోజుకి నేర్చుకున్నాడు. నాలుగో రోజుకి వణకడం పోయింది. ఆరో రోజుకి, ఇక చాలు బావా, బనీను వేసుకో అన్నాక కూడా అలాగే ఉండిపోయాడు. నవ్వుకున్నాం ఇద్దరం. ఆ ఆరు మధ్యాహ్నాలూ నా బతుకులో వేరే. అంత సంతోషం నాకు పెళ్ళిలో లేదు, పిల్లలు పుట్టినప్పుడూ లేదు. చెబితే పాపం తగులుతుందేమో గానీ నిజం నిజమే.

హోర్డింగు కట్టిన రోజు ఊరు ఊరంతా ఆగి చూసింది. ఇరవై అడుగుల ఎత్తు. పైన హీరో మొహం, కింద బావ ఒళ్ళు. భుజం మీది మచ్చ కూడా పెట్టేశాను, మేస్త్రీ చూసి కూడా చెరపమనలేదు. సాయంత్రం బావ వాళ్ళమ్మని రిక్షా ఎక్కించి తీసుకొచ్చాడు. అత్త రోడ్డు అవతల నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. మచ్చ దగ్గర ఆగింది.

"ఒల్లు నా కొడుకుదే" అంది. తర్వాత నావైపు తిరిగి, "మొకం ఎవుడిది బాబూ?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. బావ నవ్వలేదు. అక్కడే, రోడ్డు మీద, జనం మధ్య, ఛాతీ విప్పి నిలబడి ఉన్నాడు. అతను వంగి నడవడం ఆ రోజుతో పోయింది. ఆ తర్వాత నడిచినా పడగే, కూర్చున్నా పడగే. మోచేతులు ఒంటికి ఆనేవి కావు. అన్నం దగ్గర కూడా అలాగే కూర్చుంటన్నాడు, ఏటి మందెట్టినావు బాబూ అని అత్త నన్ను వేళాకోళం చేసేది. వీధిలో అందరూ హీరో అని పిలిచేవాళ్ళు. సిగ్గు ఎటు పోయిందో! నేనే తయారు చేసినట్టు మురిసిపోయేవాణ్ణి.

పిక్చరు రెండు వారాలు ఆడింది. మా పనిలో గుడ్డ ఎప్పుడూ వృథా పోదు. పిక్చరు దిగగానే హోర్డింగు విప్పి షెడ్డుకి తెచ్చి, దాని మీద జిగురు కలిపిన తెల్లరంగు పూసి, ఎండాక ఇంకో బొమ్మ వేస్తాం. తెల్లరంగు పూయడం నా పని. పూశాను. మొదట మొహం, తర్వాత ఒళ్ళు. మచ్చ దగ్గర చెయ్యి ఆగింది, మేస్త్రీ అటు నుంచి ఏమయిందని అరిచాడు. ఏమీ లేదన్నాను. సాయంత్రానికి దాని మీద ఎవరిదో కుటుంబ కథా చిత్రం, పాలగ్లాసు పట్టుకున్న అమ్మాయి.

మర్నాడు బావ వచ్చి, బొమ్మ దింపీసినారు కదా, ఎక్కడున్నాది అని అడిగాడు. అతని మొహం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలేదు. పిక్చరుతో పాటు విజయనగరం పోయింది అన్నాను. ఆ తర్వాత పదేళ్ళపాటు అడుగుతూనే ఉన్నాడు, ఇప్పుడు ఏ ఊర్లో ఉన్నాది బావా అని. శ్రీకాకుళం అన్నాను, పలాస అన్నాను, ఇచ్ఛాపురం అన్నాను, ఆంధ్రా అయిపోయాక బరంపురం కూడా అన్నాను. సిగ్గులేని నోరు నాది.

హోర్డింగు దిగిన మూడో నెలలో బావకి పిలుపొచ్చింది. ఫైర్‌మన్ ఉద్యోగాలకి. ఆ సంస్థ పేరు ఇప్పుడెందుకు లెండి, వాళ్ళు తప్పు చేయలేదు. ఇరవై అయిదు నిండడానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఇదే మొదటి పిలుపు, ఇదే ఆఖరిది. అత్త పోలమాంబకి మొక్కుకుంది. తాలింఖానా వాళ్ళు ముందే స్వీట్లు అడిగారు. నీకు రాకపోతే ఇంకెవలకొత్తాది అని వీధంతా అంది, నేనూ అన్నాను. ఆ రోజు షెడ్డుకి సెలవు పెట్టి అతనితో వెళ్ళాను.

పొద్దున్నే మైదానంలో మొదలుపెట్టారు. బావ పరుగులో రెండోవాడు. తాడు ఎక్కడంలో అందరికంటే ముందు. మనిషిని భుజం మీద వేసుకుని పరిగెత్తమన్నారు, అది అతనికి రోజూ చేసే పనే, బస్తా కంటే మనిషి తేలిక. కంచె ఇవతల నిలబడి నేను చప్పట్లు కొడుతుంటే పక్కవాళ్ళు ఎవరండీ అతను అని అడిగారు. మా బావ అన్నాను. అంత గర్వంగా ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

చివర్లో కొలతలు. వేపచెట్టు కింద బల్ల వేసుకుని ఒక గుమాస్తా, టేపు పట్టుకుని ఒకాయన. కంచెకి పదడుగుల దూరం. ఛాతీ ముప్పై రెండు అంగుళాలుండాలి, ఊపిరి పీల్చినప్పుడు ఇంకో రెండు పెరగాలి. అంతే నిబంధన. ముందున్న బక్కవాళ్ళంతా ముప్పై రెండు, ముప్పై నాలుగు, పో అనిపించుకుని వెళ్ళిపోతున్నారు. బావ వంతు వచ్చింది. చొక్కా విప్పాడు. బల్ల దగ్గర గుమాస్తా కూడా తలెత్తి చూశాడు.

పడగ కట్టి నిలబడ్డాడు.

టేపు చుట్టూ పడింది. "ఊపిరి మామూలుగా ఉంచు" అన్నాడు ఆయన. బావ కదల్లేదు. "గాలి వదలవయ్యా" అన్నాడు. "ఒగ్గీసినాను సార్" అన్నాడు బావ. అబద్ధం కాదు, అతను వదిలేశాననే అనుకున్నాడు. మూడు నెలల నుంచి ఆ ఒంటికి అదే మామూలు. ఆయన టేపు చూసి నలభై అన్నాడు. నాకు కంచె దగ్గరి నుంచే తెలిసిపోయింది. నా కన్ను కొలత కన్ను. ఆ ఛాతీ పడగ దింపితే ముప్పై ఎనిమిది లోపే ఉంటుంది. ఇప్పుడు ఊపిరి పీల్చినా ఇంక వెడల్పవడానికి అందులో చోటు లేదు. పడగ దింపు బావా అని ఒక్క కేక వేస్తే చాలు. పదడుగులు. నాకు గొంతుంది, పిలుపుంది, ఆయన ఇంకా రెండో కొలత తీయలేదు.

నేను చూస్తున్నాను. అంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. వేపాకుల మధ్య నుంచి ఎండ పడుతోంది, షెడ్డులో పడ్డట్టే ఏటవాలుగా, అదే వీపు మీద. అంత అందంగా అతను నాకు ఆ ఆరు రోజుల్లో కూడా కనపడలేదు. అది దిగిపోవడం నాకిష్టం లేకపోయింది. ఎంతసేపు? మూడు అంకెలు లెక్కపెట్టేంత. పీల్చు అన్నాడు, పీల్చాడు, నలభైముప్పావు అన్నాడు. గుమాస్తా రాసేశాడు.

బావకి అర్థం కాలేదు. ముప్పై రెండు చాలన్నారు కదా సార్, నాది నలభై కదా అన్నాడు. పెరగాలయ్యా, ముప్పావే పెరిగింది అన్నాడు ఆయన, కోపం కూడా లేకుండా. పొగలో పనిచేసేవాడికి ఊపిరి కావాలి, కండలెందుకు అని, తర్వాతి మనిషిని పిలిచాడు. ఇంకోసారి కొలవండి బాబూ అని బావ రెండు చేతులూ జోడించాడు. జోడించినప్పుడు కూడా మోచేతులు దూరంగానే ఉన్నాయి. అప్పుడు అరిచాను నేను, మళ్ళీ కొలవండి అని. కంచె అవతలికి పొమ్మన్నారు. అవతలే ఉన్నాను కదా!

పన్నెండు రోజుల తర్వాత అతనికి ఇరవై అయిదు నిండాయి.

ఎవడో తనవాణ్ణి ఇరికించుకోడానికి టేపు బిగించి పట్టాడని బావ తేల్చుకున్నాడు. వీధి కూడా అదే అంది. మరి నలభై అంగుళాల ఛాతీవాణ్ణి తోసేసి ముప్పై రెండు వాణ్ణి తీసుకుంటే ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ తలూపాను. తలూపడం అలవాటైపోతే మెడ నొప్పి కూడా తెలియదు. ఆ ఏడాదే అత్త మంచం పట్టి పోయింది.

తర్వాతి ఏళ్ళ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పోర్టులో యంత్రాలు వచ్చాయి, బస్తాలు మోసే పని తగ్గుతూ పోయింది. బావ దుమ్ము ఊడ్చే పని చేశాడు, అదీ లేనప్పుడు గేటు దగ్గర నిలబడ్డాడు. పెళ్ళి చేసుకోలేదు. దగ్గు పట్టుకుంది. ఒళ్ళు ఏడాదికి ఇంత చొప్పున కరిగిపోయింది, నాకు ప్రతి అంగుళమూ తెలుసు. నడక మాత్రం మారలేదు. కండ లేని చేతులు పక్కలకి ఎడంగా పెట్టుకుని, లేని పడగ విప్పుకుని మల్కాపురం వీధిలో నడిచేవాడు. హీరో అని పిలిచిన నోళ్ళే ఇప్పుడు నవ్వేవి. నాకు పెళ్ళయింది. బ్యానర్లు గీస్తూనే ఉన్నాను. ఒళ్ళు గీసేటప్పుడు మాత్రం ఫొటో మీద గళ్ళు కొట్టుకునే గీశాను, మనిషిని నిలబెట్టలేదు.

పదేళ్ళయ్యాక ఒక ఆదివారం, మిట్టమధ్యాహ్నం వీధిలో గొడవ. అప్పట్లో ఆ ఫైర్‌మన్ ఉద్యోగం వచ్చినవాళ్ళలో ఒకడు మా పేటలోనే అద్దెకి దిగాడు. సైకిలు మీద వెళుతున్న అతన్ని బావ ఆపి, కాలరు పట్టుకుని, నా ఉద్యోగం తిన్నావు అని ఊపేస్తున్నాడు. ఆ మనిషికి ఏం తెలుసు పాపం, నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు. తిరిగి కొట్టలేదు, కొడితే బావ లేచేవాడు కాదు. నేను వెళ్ళి విడిపించి, బావని వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టాను. ఒకటే దగ్గు. దగ్గు తగ్గాక కూడా, నా ఉద్యోగం, నా ఉద్యోగం అంటున్నాడు. ఇంక నా వల్ల కాలేదు.

చెప్పేశాను. టేపు ఎవరూ బిగించలేదని, నువ్వు పడగ దింపలేదని, అది నీకు అలవాటు చేసింది నేనేనని. కంచె దగ్గర నాకు తెలిసిందని, అరవలేదని.

బావ రోడ్డు వైపు తిరిగాడు.

"అరిసుంటే దించీద్దును గదా" అన్నాడు.

అవునన్నాను.

"మరెందుకు అరవనేదు?"

"చూస్తన్నాను బావా" అన్నాను.

తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండును. ఏమీ చేయలేదు. నన్ను చూసి, ఏదో తెలిసినట్టు తలాడించాడు. తర్వాత మోచేతులు సర్దుకుని, వీపు నిటారు చేసి, అరుగు మీదే పడగ కట్టుకుని కూర్చున్నాడు. బనీను లోంచి పక్కటెముకలు కనిపిస్తున్నాయి.

"పోన్లే బావా" అన్నాడు. "ఉజ్జోగం పోతే పోనాది. బొమ్మయితే ఉన్నాది కదా. ఇప్పుడు ఏ ఊర్లో ఉన్నాది?"

బరంపురం దాటాక ఏ ఊళ్ళున్నాయో నాకు తెలుసు, ఇంకో పేరు చెప్పి ఉండవచ్చు. ఒక నిజం చెప్పేశాను కదా అని నా నోరు ఆగలేదు. తెలివితక్కువ నోరు. లేదు బావా అన్నాను. ఏ ఊరూ వెళ్ళలేదు. పిక్చరు దిగిన రోజే దాని మీద తెల్లరంగు పూసేశాం. ఎన్ని బొమ్మలు పడ్డాయో దాని మీద, ఆ గుడ్డ కూడా చిరిగిపోయి చాలా కాలమైంది.

"పూసింది ఎవులు?" అని అడిగాడు.

"నానే" అన్నాను.

అప్పుడు బావ గాలి వదిలాడు. నేను పదేళ్ళ కిందట పట్టి ఉంచమన్న గాలి అంతా, మెల్లిగా, చప్పుడు లేకుండా. మోచేతులు వచ్చి ఒంటికి ఆనుకున్నాయి. భుజాలు దిగాయి, వీపు దిగింది, ఛాతీ దిగింది. పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఈ దిక్కుమాలిన కన్ను అప్పుడు కూడా కొలిచింది. రెండంగుళాలు, పైన ఇంకో పావు.